ఫాక్స్‌గ్లవ్ పూలు – ఏ ఊరికి ఏ రకము?

వేసవి సెలవులలో నీలగిరికి వచ్చిపోయే మన సంఘ సభ్యులు మమ్ములను అడిగే ప్రశ్నలలో మొదటిది బస ఎక్కడ దొరుకుతుందని. రెండవది, "నిలువెత్తు కాడకు గంటలు గంటలుగా వ్రేలాడే ఆ పువ్వు పేరేమిటి, విత్తనాలు నాలుగు ఇప్పించగలరా?" అని. అడిగేవారు కోయంబత్తూరువారు కావచ్చు, బెంగుళూరువారు కావచ్చు, బరంపురమునుండి వచ్చినవారు కావచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పవలసి వస్తున్నది. ఈ మొక్క విషయములో పొట్లము మీది బొమ్మ చూచి రకము ఎన్నుకొంటే డబ్బు నష్టము, ఏడాది శ్రమ నష్టము. ముందు మన ఊరికి ఎంత చలి ఉన్నదో చూచుకోవలె. ఆపైన మన ఇంట్లో ఎవరెవరున్నారో చూచుకోవలె. రంగు సంగతి ఆ తరువాత. కూనూరులో పదునాలుగేండ్లుగా దీనిని పెంచుతున్నాము కనుక, అందరికీ కలిపి ఒకేచోట వ్రాస్తే మేలని తోచినది.

పువ్వు పేరు ఫాక్స్‌గ్లవ్. ఆ ఇంగ్లీషు మాటకు నక్క చేతితొడుగు అని అర్థము. నక్కకు చేతితొడుగులతో ఏమి పని అని మా పిల్లలు చిన్నప్పుడు అడిగేవారు. 1542లో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మను వైద్యుడు, పువ్వు చూపునకు దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకొనే తొడుగులాగున ఉన్నదని, లాటిన్‌లో వేలు అనే మాటనుండి డిజిటాలిస్ అని పేరు పెట్టినాడు. శాస్త్రగ్రంథాలలో ఇప్పటికీ అదే పేరు. తమాషా ఏమంటే ఆయన ఇంటిపేరు ఫుక్స్‌కు కూడా జర్మను భాషలో నక్క అనే అర్థము. హిందీ పుస్తకాలలో దీనిని తిలపుష్పి అంటారు. మాకు అన్నిటిలోకి ఈ పేరే నచ్చినది. నువ్వుచేను పూతమీద ఉండగా గట్టున నిలబడి చూచినవారికి వేరే వర్ణన అక్కరలేదు. నువ్వుపువ్వును రెండింతలు చేసి, ఊదాగులాబి రంగు వేసి, లోపల పెదవిమీద ముదురు చుక్కలు చిలికి, అటువంటివి ఏబది అరువది ఒకే కాడకు క్రిందినుండి పైకి కట్టినట్లుంటుంది. మొగ్గలు క్రిందివి ముందు విచ్చుకొంటాయి. పైవాటికి వంతు వచ్చేసరికి క్రిందివి కాయకట్టి ఉంటాయి. అందుచేత ఒక్క కంకి మూడు నాలుగు వారములు కంటికి పండుగగా ఉంటుంది.

ఈ మొక్క పుట్టినిల్లు పడమటి ఐరోపా. ఇంగ్లండులో అడవి అంచులలో, చెట్లు నరికిన జాగాలలో, గట్లమీద తనంతట తానే మొలుస్తుంది. సున్నము లేని పుల్లని నేల, చెట్లనీడ చల్లదనము, చలికాలములో గట్టి చలి – ఇవి దాని కోరికలు. నీలగిరిలో ఈ మూడూ ఉన్నవి. 1848లో మెక్ఐవర్ దొర పర్యవేక్షణలో ఉదకమండలము వృక్షోద్యానము రూపుదిద్దుకొన్నది మొదలు ఇంగ్లీషు పూలకు ఈ కొండలు అత్తవారిల్లు అయినవి. అత్తవారిల్లు నచ్చిన కోడళ్ళలో ఫాక్స్‌గ్లవ్ ఒకటి.

దీని స్వభావము ఒకటి మొదటనే తెలిసి ఉండవలె. అసలు జాతి రెండేండ్ల మొక్క. విత్తనము వేసిన ఏడాది ఆకులే. ముల్లంగి ఆకులలాగున గరుకుగా, పైన నూగుతో, నేలమీద చక్రముగా పరచుకొని కూర్చుంటుంది. కాడ లేదు, మొగ్గ లేదు. మా ఆఫీసులో కొన్ని ఫైళ్ళు ఇట్లే ఉంటాయి. అయితే లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఆకులచక్రము బాగా ఎదిగిన తరువాత కొన్ని వారముల చలి తగిలితేనే అది పూలకాడ ఎత్తడానికి సిద్ధపడుతుంది. ఆ చలి లేనిచోట ఎంత ఎరువు వేసినా ఆకులే పెరుగుతాయి, తరువాత వేసవిలో మురిగిపోతాయి. చెన్నైలో, కోయంబత్తూరులో పాతరకము విత్తనాలు వేసి, "మీరిచ్చినవి పుచ్చు విత్తనాలండీ" అని మమ్ములను నిష్ఠూరమాడినవారు కలరు. విత్తనాలు మంచివే. ఊరికి చలి లేదు, అంతే.

రకముల జోలికి పోయేముందు ఇంట్లోవారి సంగతి. ఈ మొక్క ఆకు, పువ్వు, గింజ, కాడ అన్నీ విషమే. ఎండిన ఆకులోనూ విషము పోదు. కోసిన పూలు పెట్టిన గాజుకూజాలోని నీళ్ళు కూడా త్రాగరానివి. అయితే ఈ విషమే మందు కూడా అయినది. ఆ కథ తెలిసినవారే ఎక్కువ ప్రమాదములో పడుతున్నారు కనుక కొంచెము విపులముగా చెప్పవలె.

1775లో ఇంగ్లండులో విలియం వితరింగ్ అనే వైద్యుని వద్దకు ఒక ఇంటివైద్యపు చిట్కా వచ్చినది. ష్రాప్‌షైరు ప్రాంతములో ఒక ముసలమ్మ ఒళ్ళు నీరుపట్టినవారికి రహస్యముగా ఇస్తూ వచ్చిన మందు అది. అందులో ఇరువది రకముల ఆకులున్నవి. పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఆకు ఒక్కటేనని ఆయన పట్టుకొన్నాడు. వెంటనే చాటింపు వేయలేదు. పదేండ్లు ఓపికగా రోగులకిచ్చి, ఎవరికి ఎంత ఇచ్చినదీ, ఎవరు కోలుకొన్నదీ, ఎవరు చనిపోయినదీ దాచకుండా వ్రాసిపెట్టి, 1785లో పుస్తకము అచ్చువేసినాడు. ఆయన ముఖ్యముగా చెప్పినది మోతాదు సంగతి. మేలుచేసే మోతాదుకూ ప్రాణము తీసే మోతాదుకూ మధ్య ఎడము బహు తక్కువ. 1930లో సిడ్నీ స్మిత్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త ఈ కుటుంబములోనిదే అయిన నూగు ఫాక్స్‌గ్లవ్ ఆకులనుండి డిగాక్సిన్ అనే మందు వేరుచేసినాడు. గుండె లయ తప్పినవారిలో కొందరికి ఇప్పటికీ డాక్టర్లు ఆ మాత్ర ఇస్తున్నారు. ఒక మాత్రలో ఉండే అసలు మందు సాధారణముగా మిల్లీగ్రాములో నాలుగవ వంతు. అంత సన్నని లెక్క అది. మొక్క ఆకులో ఎంత ఉన్నదంటే ఎవరు చెప్పగలరు? ఎండకొకటి, వానకొకటి, లేత ఆకుకొకటి, ముదురాకుకొకటి.

కోయంబత్తూరులో ఉండే మా మేనమామగారు ఆ మాత్ర వేసుకొంటున్నారు. ఒక ఏడు మే నెలలో మా ఇంటికి వచ్చి, తోట చూచి, కబుర్లలో ఆ మందు ఈ జాతినుండి వచ్చినదేనని విని చాలా సంతోషించినారు. మరునాటి ఉదయము మా ఇంటావిడ నీళ్ళు పోయడానికి పెరట్లోకి పోగా, మామ రెండు పెద్ద ఆకులు కోసి రుమాలులో చుట్టుకొంటున్నారు.

"ఏమండీ మామగారూ, ఆ ఆకులెందుకు?"

"కషాయానికమ్మా. అసలు సరుకు పెరట్లోనే ఉండగా నెలనెలా మందులషాపువాడికి పోయడమెందుకు? మా అమ్మ ఏ ఆకైనా నూరి ఇచ్చేది. ఎవరికేమైంది?"

మా ఇంటావిడ రుమాలు చేతిలోనుండి తీసుకొని మమ్ములను పిలిచినది. మామకు కోపము వచ్చినది. పెద్దవారి చేతిలోనిది అట్లా లాక్కోవడమేమిటని. మేము ఒక్కటే మాట చెప్పినాము. "మామా, నీ ఒంట్లో ఇప్పటికే ఆ మందు ఉన్నది. డాక్టరు రక్తము పరీక్షచేయించి లెక్కగట్టి ఇస్తున్నాడు. దానిమీద ఇది పడితే లెక్క ఎవరిది? నీ డాక్టరుకు ఫోను చేసి, ఆకు కషాయము త్రాగవచ్చునా అని నువ్వే అడుగు." ఫోను చేసినారు. అవతలివారు ఏమి చెప్పినారో మాకు వినబడలేదు కాని, మామ ఫోను పెట్టేసి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కొన్నారు.

ఇది నవ్వులాటకు వ్రాసినది కాదు. పెరట్లో మొలిచిన ప్రతి ఆకును చూచి కూరకు పనికివచ్చునా, పసరుకు పనికివచ్చునా అని ఆలోచించడము మన ఇండ్లలో అలవాటు. ఐరోపాలో కూడా వేరే మూలికాకు అనుకొని ఈ ఆకుతో టీ కాచుకొని చనిపోయినవారున్నారు. పూలులేని మొదటి ఏడాదే ఈ పొరపాటుకు వీలెక్కువ. కాబట్టి ఆకుకూరల మడి ప్రక్కన దీనిని నాటరాదు. అన్నీ నోట పెట్టుకొనే వయసు పిల్లలున్న ఇంట్లో, మేకలు, ఆవులు దూరే పెరట్లో, ఆ పిల్లలు పెద్దవారయ్యేవరకు, కంచె పడేవరకు, ఈ సరదా వాయిదా వేసుకోవలె. ఆకులు తీసినప్పుడు చేతులకు తొడుగులు వేసుకొంటే మంచిది, లేకపోతే చేతులు కడుక్కొంటే సరి. ఎవరైనా పొరపాటున తింటే వాంతులు, కడుపునొప్పి, నాడి నెమ్మదించడము, చూపు పసుపుపచ్చగా మారడము వంటివి రావచ్చు. అవి కనిపించేదాకా ఆగరాదు. ఇంటి చిట్కాలు చేయక, తిన్న ఆకు ఒకటి కవరులో వేసుకొని, వెంటనే పెద్దాసుపత్రికి పోవలె. ఏమి తిన్నారో డాక్టరుకు తెలిస్తే సగము కాలము కలిసివస్తుంది.

ఇంత విన్న తరువాత కూడా పెంచాలనుకొనేవారికి ఇక రకముల సంగతి.

ఏడువేల అడుగుల ఎత్తున ఉన్న ఉదకమండలము, కోడైకెనాలు, ఆరువేల అడుగుల కూనూరు – ఇక్కడివారికి అన్ని రకములూ వస్తాయి. ఎన్నుకోవడమే కష్టము. విత్తనాల కంపెనీలవారు అందరికీ ముందుగా అంటగట్టేది ఎక్సెల్సియర్ రకము. అడవిజాతికి పూలు కాడకు ఒకవైపే వ్రేలాడుతాయి. ఎక్సెల్సియర్‌కు నాలుగువైపులా పూలు, అవికూడా తలవంచక ఎదుటికి చూస్తూ ఉంటాయి. లోపలి చుక్కలు బాగా కనబడతాయి. ఊదా, గులాబి, మీగడ, తెలుపు కలగలుపుగా వస్తాయి. అయిదడుగుల పైకి పెరుగుతుంది. పూలపోటీకి పంపేవారికి ఇది తగును. మాకు మాత్రము అది పెండ్లి బ్యాండుమేళములాగున తోస్తుంది. ఒక గాలివాన వచ్చినదంటే బరువుకు కాడలు విరిగి మడిలో పడుకొంటాయి. ఊతకర్ర తప్పదు. మా మనస్సుకు తలవంచి ఒకవైపుకు ఒరిగి ఉండే ఆ అడవిజాతి ఊదాపువ్వే అందము. కొట్టులో దొరికేవాటిలో చవుకయినదీ అదే.

తెల్లరకము ఆల్బా. నీడ ఎక్కువగా ఉన్న మూలలో, సాయంకాలపు వెలుతురులో, దీనికి మించినది లేదు. దీని నారు విషయములో ఒక కిటుకు ఉన్నది. తెల్లపూల మొక్కకు ఆకు తొడిమ, నడిమి ఈనె స్వచ్ఛమైన ఆకుపచ్చగా ఉంటాయి. ఊదాపూల మొక్కకు తొడిమమీద ఎర్రజీర కనిపిస్తుంది. కనుక పూసేదాకా ఆగకుండా, జానెడు ఆకులున్నప్పుడే ఎర్రతొడిమలవి ఏరి వేరేచోట నాటుకోవచ్చు. మూడేండ్లు వరుసగా ఇట్లా ఏరితే మడి అంతా తెల్లగా నిలుస్తుంది, పొరుగువారి తోటలో ఊదావి లేకపోతే. ఉంటే తేనెటీగలు మన లెక్క వినవు.

సట్టన్స్ యాప్రికాట్ అనే రకము పండిన ఆప్రికాట్ పండురంగులో ఉంటుంది. పామ్స్ ఛాయిస్ అనేది తెల్లని పువ్వే గాని గొంతులో తాంబూలము వేసుకొన్నట్లు ముదురెరుపు. చూచిన ఆడవారందరూ దీని విత్తనాలే అడుగుతారు. మాన్‌స్ట్రోసా అని ఇంకొకటి ఉన్నది. కంకి కొనన పూలు కొన్ని కలిసిపోయి పెద్ద పళ్ళెము వంటి ఒక్క పువ్వుగా విచ్చుకొంటాయి. వింత కోసము ఒక మొక్క చాలును.

ఏటేటా నారు పోసే ఓపిక లేనివారికి మేము చెప్పేది మెర్టొనెన్సిస్. ఇది అడవిజాతికీ పసుపుపూల గ్రాండిఫ్లోరాకూ పుట్టిన సంకరము. 1920ల నాడు లండను దగ్గర మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ సంస్థలో కలిగినది. సామాన్యముగా ఇటువంటి సంకరములకు విత్తనము కట్టదు, కట్టినా పిల్ల తల్లిని పోలదు. దీనికి క్రోమోజోములు రెట్టింపయినందువలన విత్తనము కట్టుతుంది, పిల్ల అచ్చముగా తల్లివలెనే వస్తుంది. పూలు నలిపిన స్ట్రాబెరీ రంగు. మూడడుగులకు మించదు, ఊత అక్కరలేదు. రెండు మూడేండ్లు నిలుస్తుంది. పూతయిన తరువాత పిలకలు విడదీసి నాటితే ఇంకొన్నాళ్ళు సాగుతుంది. గ్రాండిఫ్లోరా కూడా బహువార్షికమే. లేత పసుపు పువ్వు, నెమ్మదైన మొక్క. నూగు ఫాక్స్‌గ్లవ్ మందుకంపెనీలకు ముఖ్యము గాని, దాని చిన్నచిన్న గోధుమరంగు పూలు తోటకు పెద్ద శోభ కావు. 2012లో లండను చెల్సీ పూలప్రదర్శనలో ఆ ఏటి మేటి మొక్కగా ఎన్నికయిన ఇల్యూమినేషన్ పింక్ గురించి అడిగేవారున్నారు. అది కానరీ ద్వీపములజాతితో చేసిన సంకరము. దానికి గింజ కట్టదు. ఆ పేరుతో ఎవరైనా విత్తనాల పొట్లము అమ్మజూపితే కొనవద్దు.

ఇప్పుడు మధ్యస్థపు ఊళ్ళు. మూడువేల అడుగుల ఎత్తున ఉన్న బెంగుళూరు, హోసూరు, ఇంచుమించు అంతే ఎత్తున్న కోరాపుట్టు, ఎత్తు తక్కువైనా చలికాలపు రాత్రులు బాగా చల్లబడే పూనా – ఇక్కడివారికి పై పేర్లలో ఒక్కటీ నమ్మకము కాదు. వారికి వేరే వర్గమున్నది. చలికోసము కనిపెట్టుకొని ఉండక, వేసిన ఏడాదే నాలుగయిదు నెలలకు పూసే రకములు. వీటిలో పేరుపడిన మొదటిది ఫాక్సీ. 1967లో అమెరికాలో ఆల్ అమెరికా బహుమానము పొందినది. రెండున్నర, మూడడుగుల ఎత్తు, అన్ని రంగులూ కలగలుపు. దీని గింజ మనము దాచుకొని మళ్ళీ వేసుకోవచ్చు. తరువాత వచ్చినవి కామెలాట్, డాల్మేషియన్. ఈ రెండూ ఎఫ్-1 సంకరములు. కామెలాట్ మూడు నాలుగు అడుగులు, నేలలో వేయడానికి. డాల్మేషియన్ అడుగున్నర, కుండీలకు. గింజలు పిరము. ఒక పొట్లములో పదో పదిహేనో ఉంటాయి. వాటినుండి మనము తీసిన గింజ తల్లివలె రాదు, ఏటేటా కొనవలసినదే. అయినా బెంగుళూరులో మూడవ అంతస్తు వరండాలో ఉంటున్న మా తమ్మునికి మేము డాల్మేషియనే చెప్పినాము. సెప్టెంబరు మొదట నారు పోసి, అక్టోబరులో పది అంగుళముల కుండీలకు మార్చి, పొద్దుటి ఎండ మాత్రము తగిలేచోట పెట్టినాడు. ఫిబ్రవరి మొదటి వారములో మూడు కుండీలూ పూసినవి. మార్చి ఎండలకు ముగిసినవి. ఆ ఊళ్ళలో దీనిని చామంతిలాగున ఒక్క కాలపు పువ్వుగా భావించుకొంటే తృప్తిగా ఉంటుంది. వచ్చే ఏటికి మొక్క నిలపాలని చూస్తే వేసవిలో వేరుకుళ్ళు చూడవలసి వస్తుంది.

చెన్నై, కోయంబత్తూరు, బరంపురము, యానాముల వారు మమ్ము క్షమించవలె. మీకు ఏ రకమూ చెప్పలేము. చలి లేక మొక్కకు ఊపిరాడదు. కాని ఆ పూలరూపము కావలెనంటే దారి లేకపోలేదు. ఏంజెలోనియా అని నర్సరీలలో దొరుకుతుంది. ఫాక్స్‌గ్లవ్‌కు కుటుంబములో చుట్టమే. ఎండను ఓర్చుకొని నిలువుకాడలకు ఊదా, తెల్ల, గులాబి పూలు పూస్తుంది. డిసెంబరు జనవరి నెలలకు కుక్కమూతిపువ్వు, అనగా స్నాప్‌డ్రాగన్ కూడా బాగుంటుంది. అంతకంటె సులువు, వంటింటి డబ్బాలోని నువ్వులు. వేయించనివి చిటికెడు తీసి ఎండ తగిలే తొట్టిలో చల్లితే నెలన్నరకు పూతకు వస్తాయి. తెల్లని గంటలు, అదే వాటము. మా చుట్టాలొకరు యానాములో మేడమీద ఇట్లా రెండు తొట్లు వేసి, ఇంటికి వచ్చినవారికి ఇది కొండమీది పువ్వని చెప్పి నమ్మించినారట.

పెంపకములో కష్టమంతా మొదటి నెలలోనే. గింజ పొగాకు విత్తనమంత సన్నము, గ్రాముకు వేలలో ఉంటాయి. ఊపిరి తగిలితే ఎగిరిపోతాయి. కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లవలె. పైన మట్టి కప్పరాదు. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. వెడల్పు మట్టిమూకుడుకు అడుగున చిల్లులు పెట్టి, జల్లించిన ఎర్రమట్టి, చివికిన ఆకుమట్టి, ఇసుక సమముగా కలిపి నింపి, గింజ చల్లి, పలకతో మెల్లగా ఒత్తి, మూకుడును నీళ్ళపళ్ళెములో ఉంచితే అడుగునుండి తడి ఎక్కుతుంది. పైనుండి చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. రెండు మూడు వారములకు మొలకలు వస్తాయి. నాలుగాకులు రాగానే విడివిడిగా చిన్న కుండీలలోకి మార్చవలె.

కొండలమీద దీనికి జూన్ మంచిది. అయితే ఉదకమండలములో అప్పుడు నైరుతి వాన జోరు. కూనూరుకు పెద్దవాన అక్టోబరు, నవంబరులలో ఈశాన్యమునుండి వస్తుంది. ఉదకమండలమువారు మూకుడును కప్పుక్రింద పెట్టుకోవలె. మేము నాటిన మొక్కల మొదళ్ళలో నీరు నిలవకుండా మడిని జానెడు ఎత్తు చేసుకోవలె. ఈ మొక్కకు తడి ఇష్టమేగాని మొదట్లో నీళ్ళు నిలిస్తే ఆకులచక్రము నడుమ కుళ్ళుతుంది. మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడము. పేడ ఎరువు బాగా చివికినది ఒక గంప చాలు. యూరియా వేస్తే ఆకులు ఏనుగు చెవులంత అవుతాయి, కాడ మెత్తబడి పడిపోతుంది. నత్తలు లేతనారును రాత్రికి రాత్రి తినివేస్తాయి. వాటికి ఈ విషము ఏమి చేయదో ఏమో, మేము మాత్రము టార్చిలైటు పట్టుకొని ఏరడమే చేస్తున్నాము. డిసెంబరు, జనవరులలో ఉదకమండలము లోయలలో గడ్డమంచు పడినప్పుడు ఆకులు వాలిపోతే భయపడవద్దు. ఎండ రాగానే తేరుకొంటాయి. ఆ మంచే కదా వారి పూలకు పెట్టుబడి. ఏప్రిలులో కాడ లేస్తుంది, మే నెల పూలప్రదర్శన నాటికి విచ్చుకొంటుంది.

నడిమి కంకి పూత ముగియగానే కోసివేస్తే ప్రక్కకాడలు చిన్నవి వస్తాయి, ఇంకొక నెల పూస్తాయి. గింజకోసము మంచి మొక్కకు ఒక్క కంకి విడిచిపెట్టితే చాలును, అన్నీ వదిలితే ఊరంతా ఇవే మొలుస్తాయి. ఒక్క మొక్క లక్షల గింజలు రాల్చగలదు. కాయలు క్రిందినుండి గోధుమరంగు తిరగగానే, వాన లేని రోజున, కాగితపు సంచి తగిలించి కంకిని వంచి తట్టవలె. నీడలో ఆరనిచ్చి కాగితపు కవరులో మడిచి, చల్లని పొడిచోట పెట్టవలె. కవరుమీద రకము పేరు, ఏడు, "విషము, తినరాదు" అనే మాట తెలుగులోనూ, ఇంట్లో పనిచేసేవారు చదవగల భాషలోనూ వ్రాయండి. మేము తెలుగు, తమిళము రెంటిలో వ్రాస్తున్నాము. ఆవాలడబ్బా, గసగసాలడబ్బా ఉండే అలమారులో మాత్రము పెట్టవద్దు.

మా వద్ద ఈ ఏడు అడవిజాతి ఊదా, ఆల్బా, మెర్టొనెన్సిస్ గింజలున్నవి. కొండలమీద ఉండే సభ్యులు సంఘము కార్యాలయము ద్వారా, చిరునామా వ్రాసి తపాలాబిళ్ళ అంటించిన కవరుతో అడిగితే పంపుతాము. ఇంట్లో అయిదేండ్లలోపు పిల్లలున్నదీ లేనిదీ కూడా ఆ ఉత్తరములోనే వ్రాయవలెను.